దుబాసీ సూర్యకళ

సూర్యకళ జపాను భాష నేర్చుకోవడానికి కారణం చచ్చిపోయిన రొయ్యలు.

తొంభై నాలుగు చివర్లో మొగల్తూరు నుంచి భీమవరం దాకా చెరువుల్లో టైగర్ రొయ్యలు ఉన్నట్టుండి గట్లమ్మట తేలడం మొదలుపెట్టాయి. తలమీది చిప్ప ఊడదీసి వెలుతురుకి పెట్టి చూస్తే సున్నం చిలకరించినట్టు తెల్లమచ్చలు. ఒక చెరువులో కనబడితే వారం తిరక్కుండా పక్క చెరువులోనూ అదే. వరి మానేసి చెరువులు తవ్వినవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొగల్తూరులో సూర్యకళ తండ్రి చంద్రరావు వాళ్ళలో ఒకడు. ఆయన ఓ ఆదివారం గుప్పెడు చచ్చిన రొయ్యలు తెచ్చి కూతురి ముందు పోశాడు.

"నువ్వు చదివింది వీటి గురించే కదమ్మా. ఏంటిది? ఎక్కణ్ణుంచొచ్చింది?"

"తెలీదు నాన్నా," అంది సూర్యకళ. ఆ మాట అనడానికి ఆమెకి సిగ్గేసింది.

ఆమె జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, భీమవరంలోని ఓ ప్రైవేటు పరిశోధన కేంద్రంలో రొయ్యల జబ్బుల మీద పీహెచ్‌డీకి చేరి అప్పటికి ఏడాది. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇంగ్లీషు పుస్తకం చదివితే అర్థమవుతుంది, పరీక్షలో రాస్తే మార్కులొస్తాయి. నలుగురి ముందు లేచి మాట్లాడమంటే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. ఈ కేంద్రంలో చేరడానికి వచ్చిన రోజూ అలాగే అయింది. మొదటి ప్రశ్నకే ఇంగ్లీషు వాక్యం సగంలో ఆగిపోతే, ఎదురుగా కూర్చున్న డైరెక్టరు ఉదయభాస్కర్ గారు కళ్ళజోడు తీసి నవ్వారు.

"తెలుగులో చెప్పమ్మా. రొయ్యకి ఇంగ్లీషు రాదు, నాకు తెలుగొచ్చు."

ఆ ఒక్క మాటకి సూర్యకళ ఆయన్ని దేవుడి పక్కన పెట్టుకుంది. ఆయన చెప్పాక ఇంక రెండో మాట లేదు.

ఆ ఉదయభాస్కర్ గారే తెల్లమచ్చల జబ్బు ముదురుతున్న రోజుల్లో ఆమెని గదిలోకి పిలిచి ఒక జెరాక్సు కాగితాల కట్ట చేతికిచ్చారు. మొదటి పేజీలో పై పది లైన్లు ఇంగ్లీషు. ఆ కింద నుంచీ చివరిదాకా జపాను లిపి, ఒత్తుగా, చీమలు బారు కట్టినట్టు.

"ఈ జబ్బు మనకంటే ముందు వాళ్ళ రొయ్యలకొచ్చిందమ్మా. వాళ్ళు చాలా పని చేశారు. పై పది లైన్లూ ప్రపంచమంతా చదువుతుంది. కింద ఉన్నది ఎవరూ చదవరు. అది చదవగలిగినవాళ్ళదే ఈ సబ్జెక్టు. నేర్చుకుంటావా?"

"నేనాండీ?"

"నువ్వే. నువ్వు నేర్చుకో, నిన్ను జపాన్ పంపించే పూచీ నాది. వాళ్ళ ల్యాబులో ఇక్కణ్ణుంచి ఒక్కరికే చోటుంటుంది. ఆ భాష వచ్చినవాళ్ళనే పంపిస్తాను."

భీమవరంలో జపాను భాష చెప్పేవాళ్ళెవరున్నారు? వాకబు చేస్తే నరసాపురంలో తాతాజీ గారని ఒకాయన తేలాడు. పడుచు వయసులో సరుకుల ఓడల మీద తిరిగి, తర్వాత చాలా ఏళ్ళు కోబె రేవులో ఒక షిప్పింగు కంపెనీలో గుమాస్తాగా చేసి, ముసలితనంలో సొంతూరు చేరినవాడు. గోదారి రేవుకి దగ్గర్లో ఇల్లు. భార్య శ్యామలాంబ గారు వసారాలో కూర్చుని లేసు అల్లుతూ ఉండేది. సూర్యకళ సంగతంతా చెబితే ఆయన పకపకా నవ్వాడు.

"రొయ్యల కోసం జపానీసా? ఇన్నాళ్ళూ ఆ భాష నా నోట్లోనే కుళ్ళిపోతోందనుకున్నానమ్మాయ్. ఆదివారం ఆదివారం వచ్చెయ్."

ఆదివారాలు భీమవరం నుంచి నరసాపురం బస్సులోనే గడిచాయి. ఇంగ్లీషు దగ్గర పడ్డ భయం ఈ భాష దగ్గర పడక్కర్లేదని సూర్యకళకి కొద్దిరోజుల్లోనే తెలిసింది. అది మొదట ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. తాతాజీ గారు గచ్చు మీద సుద్దతో రాసి చూపించేవాడు.

"ఇంగ్లీషువాడు 'నేను తిన్నాను అన్నం' అంటాడు. జపానువాడు మనలాగే 'నేను అన్నం తిన్నాను' అంటాడు. క్రియ చివర్న. మనకి 'కి', 'లో', 'తో' మాట వెనకాల అంటుకుంటాయా? వాళ్ళకీ అంతే. మనం పెద్దవాళ్ళతో 'అండి' లేకుండా మాట్లాడతామా? వాళ్ళూ మాట్లాడరు. మర్యాదలో వాళ్ళు గోదారి జిల్లాల వాళ్ళకి అన్నదమ్ములనుకో."

"ఇంకో సుఖం కూడా ఉంది," అన్నాడు మరోసారి. "ఎవరు చేశారో తెలిసిపోతుంటే 'నేను', 'నువ్వు' అని చెప్పక్కర్లేదు. 'వెళ్ళొచ్చాను' అంటే చాలదూ మనకి? అలాగే."

రొయ్యని వాళ్ళు 'ఎబి' అంటారు. దాన్ని బొమ్మల అక్షరాల్లో రాస్తే 'సముద్రపు ముసలాయన' అని వస్తుంది. నడుం వంగి, గెడ్డం వేలాడేసుకుని ఉంటుంది గనక. ఆ మాట చెప్పి తాతాజీ గారు తన నడుం వంచి గెడ్డం సవరించుకుంటే లేసు అల్లుతున్న శ్యామలాంబ గారు కూడా సూది ఆపి నవ్వింది. సూర్యకళ ఆయన్ని 'మావయ్యగారూ' అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే గుర్తులేదు.

మాట తాతాజీ గారు నేర్పాడు. ఆ బొమ్మల అక్షరాలు మాత్రం ఆయనకీ అంతంతే. వాటిని ఆమె హైదరాబాదు నుంచి తెప్పించుకున్న లావుపాటి నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సాధించింది. నీరు, చేప, రోగం, కణం. బస్సు కిటికీ మీద వేలితో రాసుకునేది. కేంద్రంలో అందరూ 'జపాన్ మేడమ్' అని వేళాకోళం చేసేవారు. ఆమెకి కోపం రాలేదు. ముందు ముందు తను ఉండబోయే చోటు అదే కదా అనుకునేది.

తొంభై ఆరు వచ్చేసరికి ఆ మొదటి కాగితాల కట్టని చివరిదాకా చదవగలిగింది. చివరి పేజీలో, ఇంగ్లీషు పది లైన్లలో ఎక్కడా లేని వాక్యం ఒకటి కనబడింది. 'చెరువుల పరిసరాల్లో ఉండే ఇతర జీవులను మేము పరీక్షించలేదు.' అంతే. రాసినవాళ్ళు నిజాయితీగా ఒప్పుకున్న లోటు అది. సూర్యకళ ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. తండ్రి చెరువు వెనకాల ఉప్పుటేరు కళ్ళముందుకొచ్చింది. దాని గట్లనిండా పీతల బొరియలు. చెరువుకి నీళ్ళు పెట్టేది ఆ ఏటి నుంచే.

మర్నాడే తండ్రిని వెంటబెట్టుకుని పీతలు పట్టించింది. చూడ్డానికి దుక్కల్లా ఉన్నాయి, ఏ జబ్బూ లేదు. ఆ పీతల మాంసం ముక్కలు కోసి, ఆరోగ్యంగా ఉన్న రొయ్యలకి తొట్టెల్లో పెట్టింది. కొన్ని తొట్టెల్లో పచ్చి ముక్కలు, కొన్నిట్లో ఉడికించిన ముక్కలు. ఉడికించినవి తిన్న రొయ్యలు హాయిగా తిరిగాయి. పచ్చివి తిన్నవి తెల్లమచ్చలేసి చచ్చాయి. మళ్ళీ చేసింది. వేరే ఏటి పీతలు తెచ్చి మళ్ళీ చేసింది. ప్రతిసారీ అదే. పీత తను చావకుండా జబ్బుని మోస్తోంది.

ఉదయభాస్కర్ గారు తొట్టెల దగ్గరికొచ్చి చూసి ఆమె భుజం తట్టారు. "బంగారం లాంటి పని చేశావమ్మా. జపాన్ వాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు పెడదాం." మైక్రోస్కోపు ఫొటోలు తియ్యడానికి గణేష్‌బాబు అనే కుర్ర పరిశోధకుణ్ణి తోడిచ్చారు. విశాఖపట్నంలో ఇంగ్లీషు మీడియంలో చదివి, ఆమె వెనకాల రెండేళ్ళకి చేరినవాడు. మంచివాడే. 'అక్కా' అని పిలిచేవాడు.

తొంభై ఏడు ఫిబ్రవరిలో జపాన్ నుంచి ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన మొరివాకి గారు. సూర్యకళ మొదట చదివిన కాగితాలు రాసింది ఆయనే. ఇంగ్లీషు చదువుతారు గానీ మాట్లాడేటప్పుడు ఆయనా తనలాగే తడబడతారని చూసి ఆమెకి ఎంతో ధైర్యం వచ్చింది. గుమ్మంలో నిలబడి వంగి నమస్కరించి, ఎండలో అంత దూరం వచ్చినందుకు వాళ్ళ భాషలో కష్టసుఖాలడిగితే ముగ్గురూ తెల్లబోయారు. మొరివాకి గారైతే కళ్ళు పెద్దవి చేసి, ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. నరసాపురంలో, అంది. ఆ ఊరు జపాన్‌లో ఉందా అన్నట్టు ఆయన ఆలోచించారు.

అందరూ మీటింగు గదిలో కూర్చున్నారు. ఉదయభాస్కర్ గారు లేచి ఇంగ్లీషులో ఒక్కొక్కరినే పరిచయం చేస్తూ వచ్చారు. గణేష్‌బాబుని 'మా సైంటిస్టు' అన్నారు. ఆమె వంతు వచ్చింది.

"ఈమె సూర్యకళ. మా ఇంటర్‌ప్రెటర్."

పొరపాటున అన్నారనుకుంది. ఇప్పుడు సర్దుకుని చెబుతారని ఆయన వైపే చూసింది. ఆయన తర్వాతి మాటలోకి వెళ్ళిపోయారు. ఆ మాటని జపాను భాషలోకి మార్చవలసింది తనే. మార్చింది.

తర్వాత పీతల సంగతి వచ్చింది. తెర మీద తొట్టెల బొమ్మలు, పట్టికలు. ఉదయభాస్కర్ గారు ఇంగ్లీషులో చెబుతున్నారు, ఆమె జపాను భాషలో చెబుతోంది. 'నేను' అనకుండా చెప్పింది. 'ఏట్లో పీతలు పట్టాం. పచ్చి ముక్కలు, ఉడికించిన ముక్కలు విడిగా పెట్టాం.' ఎవరు పట్టారో, ఎవరు పెట్టారో లేకుండానే వాక్యాలు చక్కగా నడిచిపోయాయి. ఉడికించిన ముక్కల దగ్గరికొచ్చేసరికి మొరివాకి గారు పెన్ను కింద పెట్టి ముందుకి వంగారు. ఏదో అడిగారు.

'దొనతా' అన్నారు. ఎవరు అనడానికి వాళ్ళకి మామూలు మాట వేరే ఉంది. ఇది 'గారు' చేర్చిన ఎవరు. ఇంత చక్కటి ప్రయోగం ఆలోచించి చేసింది ఏ మహానుభావులండీ అని అడిగినట్టు.

"ఏంటమ్మా, ఏమంటున్నారు?" అన్నారు ఉదయభాస్కర్ గారు.

"పీతల ప్రయోగం ఎవరు చేశారని అడుగుతున్నారు సార్."

ఆయన కళ్ళలోకి సూటిగా చూసి చెప్పింది. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. గణేష్‌బాబు వైపు చెయ్యి చాచారు. "మా గణేష్‌బాబు చేశాడని చెప్పు."

గణేష్‌బాబు తల వంచుకున్నాడు. మొరివాకి గారు ఆమె జవాబు కోసం చూస్తున్నారు. ఆ గదిలో తెలుగూ జపానీసూ రెండూ తెలిసింది ఆమెకొక్కదానికే. ఏం చెప్పినా చెల్లుతుంది. 'నేనేనండి' అంటే మనవాళ్ళలో ఎవరికీ అర్థం కూడా కాదు. కానీ ఆ మాట ఆమె నోటికి రాలేదు. గురువుగారు చెప్పమన్నారు, తను చెప్పాలి. ఏదో కారణం ఉండే ఉంటుంది, తర్వాత ఆయనే సర్దుతారు. సూర్యకళ చక్కటి జపాను భాషలో, అన్ని మర్యాదలతోనూ, ఇది గణేష్‌బాబు గారు చేశారండి అని చెప్పింది. ముగ్గురు జపానువాళ్ళూ గణేష్‌బాబు వైపు తిరిగి వంగారు.

సాయంత్రం కార్లు వెళ్ళిపోయాక ఆయన గదిలోకి వెళ్ళింది.

"సార్, అలా చెప్పారేంటండీ?"

"ఏం చెప్పాను?"

"గణేష్ చేశాడని. నేను చేశాను కదండీ."

ఆయన కుర్చీ చూపించారు. కోప్పడలేదు. చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు చెప్పారు.

"చూడమ్మా. వాళ్ళొక మనిషిని అడుగుతున్నారు. ఆ మనిషి అక్కడ నాలుగు సెమినార్లు ఇవ్వాలి, ఇంగ్లీషులో పేపర్లు రాయాలి. అది నీవల్ల కాదు, గణేష్ వల్ల అవుతుంది. చేసినవాడే వెళ్ళాలంటే చేసినవాడు వాడు కావాలి గదా?"

"మరి జపానీసు వచ్చినవాళ్ళనే పంపిస్తానన్నారు కదండీ."

"జపాన్‌లో జపానీసు వచ్చినవాళ్ళకి కరువేంటమ్మా?" అని నవ్వారు. "అక్కడ పాలు పోసేవాడికీ వచ్చు. అది కావల్సింది ఇక్కడ. నువ్వు వెళ్ళిపోతే ఈ కాగితాలన్నీ నాకెవరు చదివి పెడతారు?"

రొయ్యకి ఇంగ్లీషు రాదన్న మనిషీ ఈయనేనా అని సూర్యకళ ఆ మొహంలోకి చూసింది. అదే మొహం, అదే నవ్వు. ఆయన్ని దుర్మార్గుడనుకోగలిగితే బాగుండేది. ఆయన చెప్పే తీరు చూస్తే తను చేసింది న్యాయమనే నమ్ముతున్నారు. ఆమె లేచి బయటికొచ్చింది. ఊరికి పోదామని బస్టాండులో నిలబడితే మొగల్తూరు బస్సు కళ్ళముందే వెళ్ళిపోయింది, ఎక్కాలని కూడా తోచలేదు.

గణేష్‌బాబు ఆ జూన్‌లో జపాన్ వెళ్ళాడు. వెళ్ళేముందు వచ్చి, "నేను అడగలేదక్కా," అన్నాడు. "తెలుసు," అంది. వద్దని కూడా అనలేదుగా, అని అడుగుదామనుకుని ఊరుకుంది. మరుసటేడు పీతల పేపరు అచ్చయింది. ఉదయభాస్కర్ గారి పేరు, గణేష్‌బాబు పేరు, మొరివాకి గారి పేరు పైన ఉన్నాయి. అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో, జపానీసు కాగితాలు అనువదించినందుకు కృతజ్ఞతలు అని ఆమె పేరు. చంద్రరావు ఇంగ్లీషు చదవలేడు గానీ కూతురి పేరు పోల్చుకోగలడు. పేజీ తిప్పి తిప్పి చూసి, "ఇంత కిందనెందుకేశారమ్మా?" అన్నాడు. తన ఏట్లో తను పట్టిచ్చిన పీతలవి.

నరసాపురం వెళ్ళడం మానేసింది. తాతాజీ గారి మీద కోపమేమీ లేదు. ఆ భాష వినబడితేనే ఒళ్ళు మండేది. ఆయన మనిషిని పంపించాడు, ఒంట్లో బాగాలేదా అని. చివరికి చేతికర్ర పట్టుకుని తనే భీమవరం వచ్చి కేంద్రం గేటు దగ్గర నిలబడ్డాడు.

"నావల్ల ఏవన్నా తప్పు జరిగిందా అమ్మాయ్?"

గేటు పక్కన టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఆయనకి అంతా చెప్పింది. ఆయన విని, "వాళ్ళతో నువ్వు ఏ మాటల్లో చెప్పావు? ఒకసారి అను," అన్నాడు. ఆమె అంది. గణేష్‌బాబు గారు చేశారండి. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఒక్క తప్పు లేదమ్మాయ్," అన్నాడు.

పీహెచ్‌డీలో పీతల భాగం పెట్టడానికి ఉదయభాస్కర్ గారు ఒప్పుకోలేదు. అచ్చయిన పని మళ్ళీ ఎలా పెడతావన్నారు. ఆమె ఆ కేంద్రం వదిలేసి, వేరే గైడు దగ్గర వేరే విషయం మీద మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టింది.

రెండువేల ఒకటిలో కాకినాడలో జరిగిన ఒక సదస్సుకి మొరివాకి గారు మళ్ళీ వచ్చారు. గణేష్‌బాబు వెంట ఉన్నాడు. వాడిప్పుడు ఆయనతో గలగలా జపానీసే మాట్లాడుతున్నాడు. అక్కడ ఉంటే అదే వచ్చేసిందట. ఏళ్ళ తరబడి ఆదివారాలు పోసి తను సంపాదించిన దానికంటే వాడి యాస బాగుంది. సూర్యకళ వెనక వరసలో కూర్చుని విని, లేచిపోదామనుకుంటుండగా మొరివాకి గారే ఆమెని గుర్తుపట్టి దగ్గరకొచ్చారు. ఆ ప్రయోగం చేసింది మీరట కదా, గణేష్ చెప్పాడు, అన్నారు వాళ్ళ భాషలో. చెప్పడానికి వాడికి మూడేళ్ళు పట్టిందన్నారు.

"ఆ రోజు నేను అడిగాను. మీరు ఆయన పేరు చెప్పారు."

"ఆ రోజు నేను ఇంటర్‌ప్రెటర్‌నండి."

మొరివాకి గారు తల పంకించారు. "నాకు ఉదయభాస్కర్ గారి భాష తెలీదు. మీ మాటనే నమ్మాను."

ఆయన కోపంగా అనలేదు, నొచ్చుకుని అన్నారు. తను మోసపోయానని ఇన్నాళ్ళూ కుమిలిన సూర్యకళకి, తన నోటి మీదుగా ఇంకో మనిషి కూడా మోసపోయాడన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు. క్షమించమని అడగడానికి ఆ భాషలో ఎన్ని మెట్లున్నాయో అన్నీ తాతాజీ గారు నేర్పాడు. ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన వంగి నమస్కరించి వెళ్ళిపోయారు. అచ్చయిన పేపరులో పేర్లు అలాగే ఉండిపోయాయి.

సూర్యకళ పీహెచ్‌డీ పూర్తిచేసి నరసాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరింది. తెలుగు మీడియం పిల్లలకి జువాలజీ చెబుతుంది. తాతాజీ గారు పోయాక శ్యామలాంబ గారిని చూడ్డానికి అప్పుడప్పుడూ వెళుతుంది. మొగల్తూరు వైపు చెరువుల గట్లకి ఇప్పుడు పీతలు పాక్కుని రాకుండా వల కంచెలు కడుతున్నారు. చంద్రరావు కూడా కట్టాడు.

రెండువేల ఆరులో ఒక మధ్యాహ్నం కాలేజీ స్టాఫ్‌రూముకి ఉదయభాస్కర్ గారు వచ్చారు. రిటైరయ్యారు, జుట్టంతా తెల్లబడింది, ఒక రొయ్యల మేతల కంపెనీకి సలహాదారుగా ఉన్నారట. అదే నవ్వు. కుశలప్రశ్నలయ్యాక సంచిలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టారు.

"కొత్తగా వచ్చిందమ్మా జపాన్ నుంచి. నువ్వయితే ఒక్క పూటలో తేల్చేస్తావు. భాష మర్చిపోలేదు కదా?"

"మర్చిపోలేదండి," అంది సూర్యకళ. "మీకు మాత్రం చదివి పెట్టను."

ఆయన నవ్వు కాసేపు అలాగే ఉండి, మెల్లగా పోయింది. "ఇంకా అదే మనసులో పెట్టుకున్నావా? నేను నీకు భాష నేర్పించానమ్మా. లేకపోతే నీకెక్కడిది?"

"నేర్పింది తాతాజీ గారండి. క్లాసు టైమైంది, వెళ్ళాలి."

ఆయన కాగితాలు సంచిలో పెట్టుకుని లేచారు. మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటే ఆమె అలవాటు కొద్దీ ఒక అడుగు ముందుకేసి, ఆగిపోయింది. ఆయన వెళ్ళిపోయారు.

క్లాసుకెళ్ళి ఆ రోజు పాఠం చెప్పింది. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఆయన కట్ట బల్ల మీద పెట్టినప్పుడు పై వరస ఆమె కంట పడింది. తెల్లమచ్చల జబ్బు, పీతలు, పీత ఎందుకు చావదు. అంతవరకే చదవగలిగింది. పీత ఎందుకు చావదన్నది ఆమెకి పదేళ్ళుగా అంతుచిక్కని ప్రశ్న. జవాబు ఆ సంచిలో మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఈ ఊరికి ఆ పత్రిక రాదు. ఆ రోజంతా, ఇంటికెళ్ళి వంట చేస్తున్నంతసేపూ, ఆ పేజీల్లో ఏం రాశారో అన్న ఆలోచన ఆమెని వదల్లేదు.